కోసే పళ్ళు

ఆ ఉదయం ఆకాశం వానకి సిద్ధమై కూడా కురవలేదు. గౌతమి ఏటి మీద మబ్బు తడిసిన గోనెసంచిలా వేలాడుతోంది. దాని అంచున ఎర్రజీర ఒకటి కాసేపు కనిపించి అదీ మూసుకుపోయింది. గాలి లేదు. కొబ్బరాకు ఒక్కటీ కదలడం లేదు. ఇలాంటి ఉక్కలో పశువులు పాలు సరిగా చేపవని జగ్గారావుకి తెలుసు. అందుకని వేళకంటే ముందే తవుడు బకెట్టు పట్టుకుని తోటలోకి బయలుదేరాడు.

పాక ఇంకా దూరంగా ఉండగానే ఎర్రావు అరుపు వినిపించింది. మేత కోసం అరిచే అరుపు కాదు, పాలు బరువెక్కి అరిచే అరుపూ కాదు. జగ్గారావు బకెట్టు అక్కడే దించేసి పరిగెత్తాడు.

పెయ్యదూడ పాక వెనక, కాలవగట్టు వాలులో పడి ఉంది. తెగిన పలుపు మెడకే ఉంది. వెనక తొడ సగం లేదు. ఈగలు అప్పుడే చేరాయి. కట్టుగొయ్య దగ్గర ఎర్రావు వెనక్కాలు ఎత్తి ఎత్తి పెడుతోంది, మడమ పైన గాటు. పెయ్య పక్కనే పక్కింటి మత్తయి కుక్క ముందుకాళ్ళు చాపుకుని, సొంత ఇంటి అరుగు మీద ఉన్నంత నిమ్మళంగా కూర్చుని ఉంది. దాని మూతంతా నెత్తురు. జగ్గారావుని చూసి తోక ఆడించింది.

ఆ తోక ఆడించడమే అతన్ని మండించింది.

జగ్గారావు మాట తక్కువ మనిషి. పొలంలో పగలంతా పని చేసి ఇంటికొచ్చినా భార్య మహాలక్ష్మితో పట్టుమని నాలుగు మాటలు మాట్లాడడు. ఎర్రావు వరసగా కోడెదూడలనే వేస్తూ వచ్చింది. పెయ్య పుట్టిన రోజున మాత్రం అతను చెరువుగట్టు దాకా వెళ్ళి కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. మనిషి మారిపోయాడని అందరూ నవ్వుకున్నారు. ఇప్పుడు ఆ పెయ్య కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. వాటి మీద ఈగ వాలింది.

చేతికి దొరికిన కొబ్బరిమట్ట ఎత్తి కుక్క నడుం మీద వేశాడు. అది కుయ్యిమంటూ తోట దాటి మత్తయి కళ్ళంలోకి పారిపోయింది. జగ్గారావు మట్ట పారెయ్యకుండా దాని వెనకే నడిచాడు.

మత్తయిది కొబ్బరికాయలు వలిచే వృత్తి. తోటకి ఆనుకునే అతని ఇల్లు, ఇంటి ముందు కళ్ళం. నేలలో కాయలు వలిచే గునపాలు నిలువుగా పాతి ఉంటాయి. ఒక పక్క కాయల రాశి, ఒక పక్క వలిచిన పీచు డొక్కల గుట్ట. కుక్క పొద్దస్తమానం ఆ రాశి ముందు కూర్చుని కాయలు లెక్క చూస్తున్నట్టు ఉండేది. అందుకని దానికి కరణం అని పేరు పెట్టారు. ఊళ్ళో నవ్వని వాడు లేడు.

"మత్తయీ!"

ఆ కేకకి వలుపు ఆగిపోయింది. మత్తయి చేతిలో కాయ కింద పెట్టి లేచాడు. జగ్గారావు ఈడువాడే. తల నెరిసింది గాని భుజాలు ఇంకా గునపం లాగే నిటారుగా ఉన్నాయి.

"ఏవైందండి, జగ్గారావుగారూ?"

"నీ కుక్క నా పెయ్యని తినేసింది."

మత్తయి కుక్క వంక చూశాడు. అది కాయల వెనక దూరి మూతి నాక్కుంటోంది. నెత్తురు చూసి అతని ముఖం వాడిపోయింది. అయినా నెమ్మదిగానే అన్నాడు. "అది తిని ఉండదండి. దానికి పళ్ళు లేవండి."

"పళ్ళు లేవా?"

"లేవండి. తినడానికి లేవు."

అరుపులకి జనం చేరారు. టీకొట్టు దగ్గరున్న వాళ్ళు గ్లాసులతోనే వచ్చేశారు. వాళ్ళతో పాటే మోటారుసైకిలు మీద జగ్గారావు తమ్ముడు నాగసతీష్ కూడా దిగాడు. తోట అవతల చేపల చెరువులు అతనివి. తెల్లవారేటప్పటికే స్నానం చేసి, శుభ్రమైన చొక్కా తొడుక్కుని ఉన్నాడు.

"పళ్ళు లేని కుక్కా? ఇదెక్కడి విడ్డూరం, మత్తయీ?" అన్నాడు నాగసతీష్. "పోనీ కళ్ళద్దాలు కూడా చేయించవలసింది."

జనం నవ్వారు. జగ్గారావు నవ్వలేదు. మట్ట పారేసి వంగి కుక్క మెడ పట్టుకున్నాడు. పశువుల సంతలో అతను నోరు చూసి చెప్పాడంటే ఆ పశువు వయసు మీద రెండో మాట ఉండేది కాదు. రెండు పళ్ళు వేసిందా, నాలుగు వేసిందా, అరిగిన పళ్ళకి రాయి రాసి అమ్ముతున్నారా, కింద పెదవి దించి ఒక్క చూపులో తేల్చేసేవాడు. ఎక్కడెక్కడి రైతులో అతన్ని వెంటబెట్టుకుని సంతకి వెళ్ళేవారు. ఇప్పుడూ అలాగే బొటనవేలితో కుక్క ముందరి పెదవి ఎత్తాడు. తెల్లటి కోరలు, పైన రెండు, కింద రెండు. పడుచు కుక్కకి ఉన్నట్టు మిలమిలలాడుతున్నాయి.

"ఇవేంటి? బీరగింజలా?"

"ఆ పళ్ళు కాదండి..." అని మత్తయి ముందుకు వచ్చాడు.

"ఇంకే పళ్ళు?" నాగసతీష్ అడ్డుపడ్డాడు. "అన్నయ్య నోరు చూసి చెప్పేక ఇంక వేరే చెప్పేదేంటి? సంతలో ఈయన మాటకి ఎదురాడినోడు లేడు. నువ్వెవరివి?"

"సంతలో చూసేది ఆవుల్నండి, బాబూ."

"అంటే మా అన్నకి తెలీదంటావా?"

జగ్గారావు కుక్కని వదిలేశాడు. ఒంట్లో నెత్తురంతా తలకెక్కింది. "నాకు తెలిసింది చాలు. ఇది పొద్దు గూకేలోపు ఊళ్ళో ఉండకూడదు."

"పురుగుమందు కలిపిన ముద్ద పెట్టేస్తే సరిపోద్ది," అన్నాడు ఎవరో.

అప్పుడు ఇంట్లోంచి రూతు వచ్చింది. మత్తయి భార్య. తడి చేతులు చీర కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, కుక్కకీ జనానికీ మధ్య నిలబడింది. "నా గుమ్మంలో మందు పెట్టే మగాడెవరో ఒకసారి ముందుకు రండి, మొహం చూస్తాను."

ఎవరూ రాలేదు. కాసేపు గొణుక్కున్నారు. చివరికి ఆ ఊరివాళ్ళు ఎప్పుడూ చెప్పే మాటే చెప్పారు. "ఏరు దాటించెయ్యండి."

ఆ ఊళ్ళో కుక్కనిగాని పిల్లినిగాని చేతులారా చంపరు. దొంగపిల్లులు, కరిచే కుక్కలు, ఎవరికీ అక్కర్లేని పిల్లకూనలు, అన్నిటినీ గోనెలో వేసి పడవ ఎక్కించి గౌతమి మధ్య లంకలో వదిలేసి వస్తారు. దాన్ని ఎవరూ చంపడం అనరు. లంకలో అవి ఏమయ్యాయని ఎవరూ అడగరు.

మత్తయి చాలాసేపు జగ్గారావు ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో ఏమీ కదలలేదు. "ఆయ్," అన్నాడు మత్తయి. "తమరు చెప్పేక తప్పుతుందాండి." తిరిగి గోనెసంచి కోసం వెళ్ళాడు. రూతు లోపలికి పోయి తలుపు వేసుకుంది.

పది దాటాక మడమ గాటు చూపించడానికి పశువుల డాక్టరుకి ఫోన్ చేశాడు జగ్గారావు. డాక్టరు శ్యామ్ బాబు కొత్తపేట నుంచి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. కుర్రవాడే గాని చెయ్యి తిరిగినవాడు. ఎర్రావు గాయం సబ్బుతో బాగా కడిగి, కుక్కకాటు సూది వేశాడు. మిగతా సూదులు ఎప్పుడెప్పుడు వెయ్యాలో చెప్పాడు. సామాను సర్దుకుంటూ, గుంత దగ్గర తాటాకు కప్పి ఉంచిన పెయ్య వంక చూశాడు.

"పాతే ముందు ఒకసారి చూడనివ్వండి."

"చూడ్డానికేముందండి. పోయింది పోయింది."

శ్యామ్ బాబు వినకుండానే గొంతుక్కూర్చుని తాటాకు తీశాడు. పుల్లతో తొడ దగ్గర చర్మం పక్కకి జరిపాడు. కాసేపటికి "ఇలా రండి," అని పిలిచాడు. "ఇది చూడండి. చర్మం చిరిగినట్టుందా, తెగినట్టుందా?"

జగ్గారావు వంగాడు. పొద్దున్న కోపంలో ఇది చూడలేదు. చర్మం అంచు పీలికలుగా లేదు. కత్తిరించినట్టు ఉంది. కింద కండ కూడా అంతే.

"తెగింది," అన్నాడు.

"పిల్లి చేపముక్క తినేటప్పుడు చూసేరాండి? తల పక్కకి వాల్చి, బుగ్గతో తింటున్నట్టు తింటుంది. ఎందుకంటే దాని కోసే పళ్ళు అక్కడుంటాయి, దవడ పక్కన. పైనొకటి, కిందొకటి. అడకత్తెరలో వక్క పెట్టి నొక్కితే ఎలా తెగుతుంది? పై పన్ను కింది పన్నుని రాసుకుంటూ దిగుతుంది, మధ్యలో ఉన్న కండ తెగిపోతుంది. పులికీ అంతే, నక్కకీ అంతే, కుక్కకీ అంతే. మాంసం తిని బతికేవాటికి ఆ పళ్ళే ఆధారం."

"కోరలో?"

"కోరలు పట్టుకోడానికండి. పొడిచి పట్టుకుంటాయి, వదలవు. చంపడానికి పనికొస్తాయి. తినడానికి కాదు. కోరలతో కండ కొయ్యడమంటే మీరు గునపంతో కొబ్బరిముక్కలు తరగడం లాంటిదే. ఆవు పళ్ళు తిరగలిరాళ్ళు కదాండి, నూరుతాయి. వీటివి కత్తెరలు." శ్యామ్ బాబు లేచి చేతులు కడుక్కోవడానికి నీళ్ళు అడిగాడు. "ఏ కుక్కంటున్నారు?"

"మత్తయిది."

"కరణమా?" డాక్టరు నవ్వేశాడు.

ఆ నవ్వుకి జగ్గారావు చెవులు వేడెక్కాయి. "నవ్వుతారేంటండి?"

"కోప్పడకండి. దాని పైపళ్ళు రెండూ పోయిన వేసవిలో నేనే పీకేను. చెప్తున్నాను చూడండి, ఈ కోసే పళ్ళే. చిన్నప్పట్నుంచీ ఆ కళ్ళంలో చిప్పలు కొరికి కొరికి పగలగొట్టుకుంది. చీము పట్టి కంటికింద నిమ్మకాయంత వాపు. మిగిలినవి కూడా అరిగిపోయినవే. రూతుగారు అన్నం మెత్తగా పిసికి పెడితేనే తింటుంది. ఏ కుక్క చంపిందో నేను చెప్పలేనుగాని, ఈ తొడ తిన్నది కరణం మాత్రం కాదండి. నెత్తురు నాకి ఉంటుంది. దానివల్ల అయ్యేది అంతే."

*ఆ పళ్ళు కాదండి.* మత్తయి ఆ మాట అనడం జగ్గారావు విన్నాడు. ఇప్పుడు వినలేదని ఎవరితోనూ అనలేడు.

"పొద్దున్నే రాకపోయేరా మీరు?" అని గట్టిగా అన్నాడు.

"మీరు పొద్దున్నే పిలిస్తే వచ్చేవాణ్ణండి." డాక్టరు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. మళ్ళీ ఒకసారి పెయ్య వంక చూసి, బొటనవేలూ చూపుడువేలూ వెడల్పుగా చాపి చూపించాడు. "దవడ ఇంత ఉండాలి, ఇలా కొయ్యాలంటే. ఊరకుక్కలకి ఉండదు." అంతకుమించి ఒక్క మాట చెప్పకుండా బండెక్కి వెళ్ళిపోయాడు.

అంత దవడ ఉన్న కుక్క ఆ చుట్టుపక్కల ఒకటే ఉంది. జగ్గారావు చేతిలో చెంబు విసిరికొట్టి తోటకి అడ్డంపడి నడిచాడు.

చెరువుగట్టు మీద నాగసతీష్ షెడ్డు. లోపల రాకీ గొలుసుకి కట్టి ఉంది. నల్లగా, దూడంత ఎత్తున, తల బిందెలా ఉన్న కుక్క. చెరువుల్లో దొంగలు వలలు వెయ్యకుండా కాపలాకని తెచ్చాడు. రోజూ దానికి కోడిమాంసం పెడతారు. ఇవాళ పళ్ళెంలో పెట్టింది పెట్టినట్టే ఉంది.

నాగసతీష్ మేత బస్తాలు దింపిస్తున్నాడు. అన్న ముఖం చూసి పనివాళ్ళని అవతలికి పంపేశాడు.

"నోరు తెరు," అన్నాడు జగ్గారావు.

"ఎవరిది?"

"ముందు దానిది."

"కరుస్తుంది, అన్నయ్యా. కొత్తోళ్ళని..."

"నేను కొత్తోణ్ణా? తల పట్టుకో."

నాగసతీష్ కదలలేదు. జగ్గారావే గొలుసు అందుకోబోయాడు. కుక్క గుర్రుమంది. అప్పుడు నాగసతీష్ గబగబా వచ్చి దాని తల చంకలో ఇరికించుకుని పట్టుకున్నాడు. ఈసారి జగ్గారావు ముందరి పెదవి ముట్టుకోలేదు. బుగ్గ చివర వేలు పెట్టి చర్మం వెనక్కి లాగాడు. దవడ పక్కన ఆ పన్ను కనిపించింది. మూడు కొనలున్న కొండలా, అంచు పదునుగా, దాని పక్క పన్నుని మించి లావుగా ఉంది. రెండు పళ్ళ సందున సన్నటి తోలుపేలిక ఇరుక్కుని ఉంది. దానికి ఎర్రటి వెంట్రుకలు.

గోటితో పట్టి లాగాడు. వచ్చింది. తమ్ముడి కళ్ళ ముందు పెట్టాడు.

నాగసతీష్ చెరువు వంక చూశాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"తెల్లారగట్ల గొలుసు తెంపుకుపోయింది. వచ్చేసరికి ఒళ్ళంతా... కడిగేను."

"దీన్ని కడిగి, నువ్వు కడుక్కుని, చొక్కా మార్చుకుని మా దగ్గరికొచ్చేవు."

"నేను చెప్దామనే వచ్చేను, అన్నయ్యా. ఒట్టు. అప్పటికే నువ్వు ఆ కుక్క అని అరుస్తున్నావు. దాని నోరు చూసింది నువ్వు. అందరూ నీ మాటే అన్నారు. ఇంక నేను చెప్పేదేముంది?"

అది నిజమైనందుకు జగ్గారావుకి ఇంకా కోపం వచ్చింది.

"కళ్ళద్దాలు చేయించమన్నావు వాణ్ణి. నవ్వించేవు అందర్నీ."

"పోనీలే అన్నయ్యా. ఒక ఊరకుక్క. మత్తయిగాడు మనకేమన్నా చుట్టమా? ఇంకో కూనని తెచ్చుకుంటాడు. నేను దీన్ని చంటిపిల్లప్పట్నుంచీ సీసాతో పాలు పోసి పెంచేను."

"అదీ పెంచిందే."

చెయ్యి లేచింది. నాగసతీష్ తల వంచుకున్నాడు, చిన్నప్పుడు వంచుకున్నట్టే. జగ్గారావు చెయ్యి గాలిలోనే ఆగింది. కొడితే సగం కోపం అక్కడే తీరిపోతుంది. తీరకూడదనుకున్నాడు.

"రేపు నేనొచ్చి చూసేసరికి దీనికి ఇనపబోను ఉండాలి. లేకపోతే ఏరు దాటించేది నేనే. ఇప్పుడు నడు సెంటర్లోకి. పొద్దున్న ఎవరి ముందు అరిచేమో వాళ్ళ ముందే చెప్పాలి."

"నలుగుర్లో నా పరువు..."

"అయితే నేనే చెప్తాను."

టీకొట్టు ముందు పొద్దుటి జనంలో సగం మంది ఉన్నారు. జగ్గారావు రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. నలుగురిలో గొంతు ఎత్తి మాట్లాడటం అతనికి అలవాటు లేదు. పొద్దున్న కోపం మాట్లాడించింది, ఇప్పుడూ అదే మాట్లాడించింది.

"నా పెయ్యని తిన్నది మత్తయి కుక్క కాదు. నా తమ్ముడి కుక్క. నేను తప్పు చూసేను. అందరూ వినండి."

బెంచీ మీద కూర్చున్న పెద్దాయన గ్లాసు దించి, "పోన్లెండి జగ్గారావుగారూ, కుక్కే కదండి," అన్నాడు ఓదార్పుగా. పక్కవాళ్ళు తలలూపారు. "ఏదైతేనేంటండి, ఒక పీడ వదిలింది," అన్నాడు ఇంకొకడు. "కూర్చోండి, టీ తాగుదురుగాని."

పొద్దున్న దూడ పోయిందని ఇంత మంది పరిగెత్తుకొచ్చారు. ఇప్పుడు ఒక్కడూ బెంచీ మీంచి లేవలేదు. "మీ టీ మీరే తాగండి," అని అరిచి, జగ్గారావు మత్తయి ఇంటి వైపు తిరిగాడు.

గుమ్మంలో రూతు ఒక్కతే ఉంది. చీపురుతో డొక్కల పీచు ఊడుస్తోంది. అతన్ని చూసి చీపురు ఆపలేదు.

"ఆయ్, రండి. ఇంకా ఏం తీసికెళ్దామనండి? కోళ్ళున్నాయి. ఒక మేకుంది."

"మత్తయి ఏడమ్మా?"

"రేవులో ఉన్నారు. మధ్యాహ్నం వదిలేసొచ్చేరు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేరు. మళ్ళీ తెచ్చేసుకుంటానని వెళ్ళేరు. ఎవరి మాటా విననని చెప్పమన్నారు, ఎవరొచ్చినా." చీపురు నేలకేసి కొట్టింది. "మీరొచ్చేరు. చెప్పేను."

"అది తినలేదు. నాకు తెలిసింది."

"మాకు ఎప్పట్నుంచో తెలుసండి," అంది రూతు.

రేవులో గౌతమి నీళ్ళు రంగు మారాయి. పొద్దున్న లేని ఎరుపు వచ్చింది. నురగ, పుల్లలు, వేళ్ళతో సహా కొట్టుకొచ్చిన గడ్డి దుబ్బులు. పడవ నడిపే రామ్మూర్తి తాడు విప్పుతున్నాడు. పడవలో ముందు వైపు మత్తయి కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో అన్నం కేరేజీ.

"ఎక్కితే ఎక్కండి," అన్నాడు రామ్మూర్తి. "వరద ఎర్రనీరు ఎత్తుతోంది. రేపట్నుంచి పడవ వెయ్యొద్దని కబురొచ్చింది. లంకలో కూరగాయలోళ్ళ బుట్టలున్నాయి, అవి ఎక్కించుకుని తిరిగొచ్చేస్తాను. ఇదే ఆఖరు."

జగ్గారావు ఎక్కాడు. మత్తయి తల తిప్పలేదు.

"తమరు రానక్కర్లేదండి."

"వస్తాను."

"ఎందుకండి? మళ్ళీ నోరు చూస్తారా?"

రామ్మూర్తి ఇంజను తిప్పాడు. ఒడ్డు వెనక్కి పోయింది. పడవ ముక్కు ఎదురునీటికి పక్కగా కోసుకుంటూ వెళ్ళింది.

జగ్గారావు మొదలుపెట్టాడు. "నా తమ్ముడి కుక్క తింది. వాడికి పొద్దున్నే తెలుసు. సెంటర్లో చెప్పేను."

"చెప్పేరా? చాలా సంతోషమండి." మత్తయి ఇప్పుడు తిరిగాడు. అతని గొంతులో గౌరవం ఎక్కడా తగ్గలేదు. అదే కత్తిలా ఉంది. "మీ తోటలో కాయ నేను వలుస్తాను. మీ నాన్నగారి కాలంలో మా నాన్న వలిచేడు. ఏనాడన్నా ఒక అబద్ధం చెప్పేమాండి మీతో? నేనొకటి అడుగుతాను. పొద్దున్న దానికి పళ్ళు లేవని చెప్పేను. ఆ పళ్ళు కాదని కూడా చెప్పేను. నా మాట మీకు వినబళ్ళేదా, వినాలనిపించలేదా?"

ఇంజను కొట్టుకుంటోంది. వినబడలేదని చెప్పడం తేలిక. రామ్మూర్తి కూడా నమ్ముతాడు.

"వినాలనిపించలేదు," అన్నాడు జగ్గారావు.

మత్తయి అతని వంక చూశాడు.

"ఆయ్," అన్నాడు. మళ్ళీ నీళ్ళ వైపు తిరిగిపోయాడు.

లంకలో దిగాక రామ్మూర్తి బుట్టల కోసం ఆ చివరికి పడవ తీసుకుపోయాడు. మత్తయి రెల్లు దుబ్బుల్లోకి దారి చేసుకుంటూ పిలవడం మొదలుపెట్టాడు. "కరణం! ఓరేయ్ కరణం!" ఎక్కడో కుక్కలు మొరిగాయి. కరణం గొంతు కాదు. ఇంతకుముందెప్పుడో ఎవరెవరో వదిలేసిన కుక్కలు, వాటి పిల్లలు. డొక్కలు ఎండి, తోకలు దించి, దూరం నుంచే ఇద్దర్నీ చూస్తూ రెల్లు వెంట కదులుతున్నాయి. వాటి నోళ్ళ వైపు చూస్తూ జగ్గారావు మట్ట ఒకటి ఏరుకున్నాడు. ఇవి ఎలకనో, కొట్టుకొచ్చిన చేపనో కొరికి బతుకుతున్నాయి. కరణానికి అదీ లేదు. ఒక్క రాత్రి గడిస్తే, రేపు పడవ లేకపోతే, అంతే.

అరటితోట చివర పడిపోయిన పాక ఒకటి ఉంది. దాని కిందే దొరికింది. ఒక చెవి చీలి నెత్తురు గడ్డకట్టింది. మత్తయి మోకాళ్ళ మీద కూలబడి చెయ్యి చాపాడు.

"రా నాన్నా. రా."

కుక్క అతని వంక చూసింది. లేవలేదు. తోక కూడా కదల్చలేదు. గోనెలో వేసింది ఆ చెయ్యే.

"రారా," అన్నాడు మత్తయి మళ్ళీ. మరుక్షణం అతను జగ్గారావు వైపు తిరిగి అరిచాడు. "నా కుక్క నా దగ్గరికి రావట్లేదండి! చూసేరా? నా చేత చేయించేరు మీరు! మీ పెయ్య పోయిందని ఊరంతా ఏడ్చింది. దీనికెవరు ఏడుస్తారు?"

జగ్గారావు ఒకడుగు ముందుకేశాడు. కరణం పెదవులు ఎత్తి గుర్రుమంది. పొద్దున్న అతను చూసిన కోరలే, అంతే తెల్లగా ఉన్నాయి. అతను ఆగిపోయాడు. చేతిలో మట్ట ఉందని అప్పుడు గమనించాడు. దాన్ని దూరంగా విసిరేసి, ఉన్నచోటే నేల మీద కూర్చున్నాడు. కుక్క గుర్రుమననంత దూరంలో, లంక కుక్కలు వస్తే అడ్డం పడేటంత దగ్గరలో.

వెలుగు తగ్గుతోంది. పడవ చప్పుడు ఆ చివర ఎక్కడో ఆగి ఉంది. మత్తయి చొక్కా చేత్తో మొహం తుడుచుకుని కేరేజీ విప్పాడు. పై గిన్నెలో రూతు మెత్తగా పిసికిన అన్నం. దాన్ని పాక కిందికి తోసి వెనక్కి జరిగాడు. చాలాసేపటికి కరణం మెడ చాపింది. వాసన చూసింది. నాలుకతో కొంచెం కొంచెం అందుకుని మింగడం మొదలుపెట్టింది.

కింది గిన్నెలో మత్తయి మధ్యాహ్నం తినకుండా లేచిపోయిన అన్నం, చేపల పులుసు. అతను ఒక ముద్ద కలిపాడు. నోటి దగ్గర ఆపాడు. పక్కకి చూడకుండానే కేరేజీ మూతలో సగం అన్నం వేసి, పులుసు పోసి, ఒక చేపముక్క పెట్టి నేల మీద జగ్గారావు వైపు తోశాడు.

జగ్గారావుకి పొద్దున్నుంచీ కడుపులో ఏమీ లేదు. మూత అందుకున్నాడు. చేపముక్క విడదీసి, ముళ్ళు ఒక్కొక్కటే ఏరి పారేసి, కండని అన్నంలో వేళ్ళతో గుజ్జులా మెదిపాడు. అరిటాకు ముక్క మీద పెట్టి చెయ్యి చాపినంత దూరం కుక్క వైపు జరిపాడు. కరణం తన గిన్నెలోంచి తల ఎత్తి ఆ ఆకు వంక చూసింది. మళ్ళీ తన అన్నమే నాకసాగింది.

జగ్గారావు ఆకుని వెనక్కి తీసుకోలేదు. మిగిలిన పులుసన్నం తినడం మొదలుపెట్టాడు. మత్తయి తింటున్నాడు. పాక కింద కుక్క తింటోంది.